నల్లా వచ్చే వేళకు

"చేతులు కడుక్కోమని చెప్పనీకి కూడ జీతమిస్తరా?" అని మా అత్తమ్మ నన్ను చాలా ఏళ్లు ఎగతాళి చేసింది. ఆమెను తప్పుపట్టలేను. ఉద్యోగంలో చేరిన కొత్తలో నాకూ అదే అనుమానం. చిక్కడపల్లిలో ఇల్లు దాటి, చంకలో బొమ్మల చార్టు పెట్టుకుని, ఎండలో నడుచుకుంటూ వెళ్లి, పిల్లల్ని సాకుతున్న తల్లులకు సబ్బు గురించి చెప్పడం ఒక ఉద్యోగమేనా అనిపించేది.

ఇప్పుడు రిటైరయ్యాను. ఈ పనిలోకి కొత్తగా వచ్చిన అమ్మాయిలు అప్పుడప్పుడు ఇంటికి వస్తారు. "మేడం, ఫీల్డుల ఎట్ల మొదలుపెట్టాలె?" అని అడుగుతారు. ట్రైనింగులో నేర్పేవన్నీ వాళ్లకు నాకంటే బాగా వచ్చు. వాళ్లడిగేది అది కాదని నాకు అర్థమవుతూనే ఉంటుంది. అందుకే ప్రమోషన్లు, రిపోర్టులు, మీటింగులు పక్కన పెట్టి, నాకు పని నేర్పిన మనుషుల గురించి మాత్రం రాస్తున్నాను.

ఫాతిమా మేడం

మాది ఒక చిన్న స్వచ్ఛంద సంస్థ. ఆఫీసు నారాయణగూడలో ఒక పాత ఇంటి మేడ మీద ఉండేది. వచ్చి నాలుగు మాటలు చెప్పి వెళ్లిపోయే పద్ధతి మాది కాదు. ఒకే బస్తీలో ఏళ్ల తరబడి ఉండి పనిచేయాలి. నాకిచ్చిన బస్తీ దోమలగూడ దాటాక మురుగు పారే నాలా ఒడ్డున ఉండేది. అక్కడివాళ్లలో చాలామంది పాలమూరు ఊళ్ల నుంచి బిల్డింగు పనులకు వచ్చి, తిరిగి వెళ్లకుండా ఇక్కడే నిలబడిపోయినవాళ్లు.

మా పై అధికారి ఫాతిమా మేడం. అంతకుముందు నర్సుగా చేసింది. నేను చేరిన రోజు నా చేతిలోని చార్టు తీసుకుని బీరువాలో పెట్టి తాళం వేసింది.

"ఇది కొన్నాళ్లు ఇక్కడనే ఉంటది సుగుణా. నువ్వు పోయి కూర్చో. చాయ్ ఇస్తే తాగు. మాట్లాడితే విను. వాళ్లు అడిగేదాక ఏం చెప్పకు" అంది.

"మరి రిపోర్టుల ఏం రాయాలె మేడం?"

"చాయ్ తాగిన అని రాయి."

నాకు కోపమొచ్చింది. చదువుకుని వచ్చింది చాయ్ తాగడానికా అనుకున్నాను. కానీ ఆమె చెప్పినట్టే చేశాను. గడపల మీద కూర్చున్నాను. పప్పులో రాళ్లు ఏరుతూ, పిల్లల తలలు దువ్వుతూ ఆడవాళ్లు చెప్పుకునే మాటలు విన్నాను.

అంతకుముందే ఏదో పథకం కింద ఆ బస్తీలో ఇంటింటికీ మరుగుదొడ్లు కట్టారు. సగం ఇళ్లలో వాటిలో కట్టెలు, తట్టలు, పారలు పెట్టుకున్నారు. వీళ్లకు అవగాహన లేదని మాకు ముందు వచ్చినవాళ్లు రాసిపెట్టి వెళ్లారు. గడప మీద కూర్చున్నాక నాకు తెలిసింది వేరు. నల్లా రోజు విడిచి రోజు వచ్చేది. వచ్చిన కాసేపట్లో పట్టుకున్న నీళ్లే అన్నానికి, స్నానానికి, బట్టలకు. మరుగుదొడ్డిలో పోయడానికి బిందె నీళ్లు మిగలకపోతే అందులో కట్టెలు కాక ఏం పెడతారు? ఆ బస్తీలో ఏ సంగతి ఎత్తుకున్నా చివరికి నీళ్ల దగ్గరికే వచ్చి ఆగేది.

బాలమణి బిడ్డ

బాలమణి ఇల్లు గల్లీ చివర. భార్యాభర్తలిద్దరూ బిల్డింగు పనికి పోయేవారు. చిన్న గది. కానీ అంత శుభ్రమైన ఇల్లు నేను ఆ బస్తీలో ఇంకొకటి చూడలేదు. చార్టు మళ్లీ నా చేతికొచ్చాక నేను చెప్పినట్టే, వాకిట్లో కొబ్బరి చిప్పలో సబ్బు, నీళ్ల బిందె మీద మూత, ముంచుకోవడానికి పిడి ఉన్న చెంబు. ఆఫీసు నుంచి ఎవరైనా చూడటానికి వస్తే నేను ముందు ఆ ఇంటికే తీసుకెళ్లేదాన్ని. ఆమెకు అది గర్వంగా ఉండేది. నాకూ ఉండేది.

ఒక వానాకాలం ఉదయం నేను వెళ్లేసరికి బాలమణి పనికి పోకుండా గడపలో కూర్చుని ఉంది. ఒళ్లో చిన్న కూతురు లావణ్య. అప్పుడప్పుడే మాటలు కూడబలుక్కుంటున్న పిల్ల.

"రాత్రి సంది మోషన్లు, వాంతులు మేడం" అంది.

"నీళ్లు తాగిస్తున్నవా?"

ఆమె లోపలికి చూసింది. వాళ్ల అత్త లోపలి నుంచే, "నీళ్లు తాపితే ఇంకింత పోతది. నేనే వద్దన్న" అంది.

పిల్ల కళ్లు లోపలికి పోయాయి. ఏడుస్తోంది గానీ కంట్లో తడి లేదు. పొట్ట మీద చర్మం పట్టి వదిలితే మడత అలాగే నిలబడింది. ఒంట్లో నీళ్లు అయిపోతే ఇలాగే ఉంటుందని ట్రైనింగులో బొమ్మ మీద చూసింది, పిల్ల ఒంటి మీద చూడటం అదే మొదలు. సంచిలో ఉన్న ఓఆర్ఎస్ పొడి కాచి చల్లార్చిన నీళ్లలో కలిపి, ఆటో ఎక్కి, ప్రభుత్వ ఆసుపత్రికి పోయేదాకా చెంచాతో తాగిస్తూనే ఉన్నాం. తాగింది కొంత కక్కేది. మళ్లీ పోసేవాళ్లం. ఆటో డ్రైవర్ అద్దంలోంచి చూసి, "అక్కా, గట్టిగ పట్టుకో" అని అడ్డదారిన తీసుకెళ్లాడు.

డాక్టర్లు వెంటనే సెలైన్ ఎక్కించారు. కబురందుకుని ఫాతిమా మేడం వచ్చి, మంచం పక్కన నిలబడి, పిల్ల పాదాలు రుద్దుతూ ఉంది. సాయంత్రానికి పిల్ల ఏడ్చింది. ఈసారి కన్నీళ్లతో ఏడ్చింది. బాలమణి నా భుజం మీద తల పెట్టుకుంది.

తర్వాత తలెత్తి అడిగింది.

"నువ్వు చెప్పినయన్ని చేసిన గద మేడం. సబ్బు పెట్టిన. మూత పెట్టిన. పాసిన కూడు పెట్టలే. ఇంక నేను ఏం తప్పు చేసిన, చెప్పు."

"నీ తప్పేం లేదు బాలమణీ" అన్నాను. మరి తప్పెక్కడుందో నాకు తెలియదు. ఆ వారం అదే గల్లీలో ఇంకొందరు పిల్లలకూ అలాగే అయింది.

తెల్లవారక ముందు

మర్నాడు ఆఫీసులో ఫాతిమా మేడం అడిగింది. "బస్తీకి ఎప్పుడు పోతవ్ నువ్వు?"

"పదింటికి."

"నల్లా ఎప్పుడు వస్తది?"

"తెల్లారక ముందు."

"నల్లా వచ్చేటప్పుడు మనోళ్లు ఎవరన్న చూసిన్రా?"

ఎవరూ చూడలేదు. మా కార్యక్రమమంతా ఆఫీసు టైములో నడిచింది. నీళ్లు ఎలా దాచుకోవాలో, ఎలా ముంచుకోవాలో అందరం చెప్పాం. ఆ నీళ్లు నల్లాలోంచి పడుతుంటే పక్కన నిలబడినవాళ్లం ఒక్కరం లేం.

మళ్లీ నీళ్లొచ్చే రోజున ఆమె కాచిగూడ నుంచి, నేను చిక్కడపల్లి నుంచి వెళ్లి గల్లీలో కలుసుకున్నాం. నల్లాల ముందు బిందెలు, డ్రమ్ములు వరసగా ఉన్నాయి. ముందు గాలి బుసకొట్టింది. తర్వాత నల్లగా, మోరీ మురుగు వాసనతో నీళ్లొచ్చాయి.

"మొదటి నీళ్లు గట్లనే వస్తయి. మేం గవి పట్టుకోం" అని ఒకామె చెప్పింది. గల్లీ మొదట్లో నిజంగానే కాసేపటికి తేటబడ్డాయి. చివర ఉన్న బాలమణి నల్లాలో మాత్రం సన్నటి ధార, వాసన పోనే లేదు.

అంతలో అదే గల్లీలో ఉండే నర్సింహన్న ఇంట్లో, నల్లాకు బిగించిన మోటారు మోగింది. బాలమణి నల్లాలో ఆ సన్నటి ధార కూడా ఆగిపోయింది. ఫాతిమా మేడం వంగి నల్లా మూతికి అరచెయ్యి ఆనించింది. చెయ్యి లోపలికి అతుక్కుంది.

"చూడు సుగుణా, నల్లా గుంజుతున్నది" అంది.

నీళ్లు వదిలే లైన్‌మన్‌ను పట్టుకుని అడిగాం. యాదయ్య అని పెద్దాయన. నాలా దగ్గరికి తీసుకెళ్లి చూపించాడు. బస్తీకి వచ్చే పైపు మురుగులో మునిగి ఉంది.

"ఎక్కడనో జాయింటు లీకున్నదమ్మా. నీళ్లు జోరుగున్నప్పుడు లోపలియి బయటికి పోతయి. మోటారు గుంజితే బయటియి లోపలికొస్తయి. పైపు పైకి లేపాలె. నేను పైన చెప్త, జర టైం పడతది. అందాక మోటార్లు బంద్ చేయించున్రి" అన్నాడు.

నర్సింహన్న

బస్తీలో మోటార్లు ఇంకా కొన్ని ఉన్నాయి. పెద్దది మాత్రం నర్సింహన్నది. చిక్కు అక్కడే వచ్చింది. ఆయన బస్తీ పెద్ద. మేస్త్రీ పనితో పైకొచ్చిన మనిషి. మొదట్లో మమ్మల్ని ఎవరూ గల్లీలోకి రానివ్వకపోతే తన ముందు గది ఇచ్చి, "ఈమె మన మనిషి" అని అందరికీ చెప్పింది ఆయనే. మా మీటింగులు ఆ గదిలోనే జరిగేవి. ఆయన వద్దంటే బస్తీలో మాకు నిలబడే చోటు లేదు.

అందరిలో అంటే అవమానమవుతుందని, ఫాతిమా మేడం, నేను సాయంత్రం ఆయన ఇంటికి వెళ్లాం. చూసింది చూసినట్టు చెప్పాను. ఆయన ముఖం మెల్లగా మారిపోయింది.

"అంటే బాలమణి బిడ్డకు గట్లయింది నా వల్లనే అంటున్నరా?"

"నీ ఒక్కడి వల్ల అంటలేమన్నా. పైపు..."

"నా అర్ర ఖాళీ చెయ్యున్రి."

చాపలు చుట్టుకుని, చార్టులు తీసుకుని బయటికొచ్చాం. రోడ్డు మీదికి వచ్చాక ఫాతిమా మేడం, "భయమైతున్నదా?" అని అడిగింది.

"అయితున్నది మేడం."

"నాకు కూడ. అయినా చెప్పుడే మంచిగైంది" అంది. మా పై ఆఫీసులో కొందరు, "మన పని పరిశుభ్రత. పైపులు, మోటార్లు మనకెందుకు?" అన్నప్పుడు నన్ను ముందుకు నెట్టకుండా తనే నిలబడి జవాబు చెప్పుకుంది. అలాంటి అధికారి దగ్గర పని నేర్చుకోవడం నా అదృష్టం.

కొన్ని వారాలు బాలమణి గడపే మా ఆఫీసు. నీళ్లు కాచి తాగమని, క్లోరిన్ బిళ్లలు వేసుకోమని ఇంటింటికీ తిరిగి చెప్పాం. కొందరు మాతో మాట్లాడటం మానేశారు. ఒక రోజు ఆడవాళ్లం గడప దగ్గర కూర్చుని ఉంటే నర్సింహన్న భార్య అంజమ్మ గోడ పట్టుకుంటూ మెల్లగా వచ్చింది. ఆమెకు మోకాళ్ల నొప్పులు.

"నేను బిందె మోయలేనమ్మా. గందుకే మా ఆయన మోటారు పెట్టిండు. ఒకలను సంపనీకి పెట్టలే" అంది. కళ్లలో నీళ్లు తిరిగాయి.

మోటారు ఎందుకు పెట్టారని అప్పటిదాకా మేమెవరం అడగలేదు.

బాలమణి అంది, "నీ డ్రమ్ము నేను నింపుత అత్తా. మోటారు తీయించు."

అంజమ్మ ఆమె వంక చూసింది. "నువ్వా?"

"నేనే. నా బిడ్డ తాగేది గూడ గా నీళ్లే గద."

నేను ఆ మాట చెప్పమని ఆమెకు చెప్పలేదు. చెప్పాలని నాకు తోచను కూడా తోచలేదు. చావు అంచుదాకా పోయిన బిడ్డను ఒళ్లో పెట్టుకుని ఆమె ఆ మాట అంది.

తర్వాత నల్లా వచ్చిన రోజు నేను గల్లీలోనే ఉన్నాను. బాలమణి, ఇంకో ఇద్దరు ఆడవాళ్లు ముందు అంజమ్మ ఇంటికి బిందెలు మోశారు. నర్సింహన్న అరుగు మీద కూర్చుని చూస్తున్నాడు. బాలమణి రెండోసారి బిందెతో వచ్చినప్పుడు ఆయన లేచి, అడ్డం వచ్చి, ఆ బిందె తన చేతుల్లోకి తీసుకుని లోపలికి వెళ్లాడు. మోటారు చప్పుడు రాలేదు. తెల్లారాక చూస్తే బోల్టులు విప్పి మోటారు వాకిట్లో పెట్టాడు. పానా చేత్తో పట్టుకుని మిగతా ఇళ్లకు కూడా తనే బయల్దేరాడు.

"నాది తీసిన. ఇగ నీది తీయి" అన్నాడు ప్రతి వాకిట్లో. మాలో ఎవరు చెప్పినా ఆ పని జరిగేది కాదు.

పైపు సంగతి అంత తొందరగా తెమలలేదు. ఆడవాళ్లు నీళ్ల ఆఫీసుకు చాలాసార్లు తిరిగారు. చివరికి ఒక ఇంజనీరుగారితో బాలమణి, "సారూ, పగటిపూట వస్తే మీకేం కనపడది. నల్లా వచ్చేటప్పుడు రాండ్రి" అంది. ఆయన నిజంగానే చీకటితో వచ్చి, గల్లీ చివరిదాకా నడిచి, ముక్కు మూసుకోకుండా నిలబడి చూసి వెళ్లాడు. కొంతకాలానికి పైపు నాలా పైనుంచి వేశారు. ఆయనకూ, యాదయ్యకూ మేం సరిగా కృతజ్ఞత చెప్పుకోలేదు. ఇక్కడ చెప్పుకుంటున్నాను.

ఇంకో సంగతి. మోటారు తీసిన కొన్నాళ్లకు నర్సింహన్న కబురు పంపాడు. "అర్రల చాపలేసి పెట్టిన. వస్తలేరేంది?" అంతే. మళ్లీ ఆ విషయం ఆయనా ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. మేం మళ్లీ ఆ గదిలోనే కూర్చున్నాం.

హాస్టల్లో చెత్తబుట్ట

తర్వాతి ఏళ్లలో అశోక్‌నగర్ హాస్టళ్ల నుంచి కూడా పిలుపులొచ్చేవి. ఊళ్ల నుంచి సర్కారు ఉద్యోగాల పరీక్షలకు చదవడానికి వచ్చిన ఆడపిల్లలు ఉండే హాస్టల్ ఒకటి. మాటిమాటికీ డ్రైనేజీ జామైపోతోందని యజమాని తలపట్టుకున్నాడు. బాత్రూం తలుపుల నిండా హెచ్చరికలు అంటించాడు.

"పరేషాన్ చేస్తున్నరు మేడం. ప్యాడ్లన్నీ దాంట్లనే పడేస్తున్నరు. వీళ్లకు జర మీరన్న చెప్పున్రి" అన్నాడు.

ఆయన్ని బయట ఉండమని అమ్మాయిలతో కూర్చున్నాను. చెప్పడానికి కాదు, అడగడానికి. చివరికి ఒకమ్మాయి అంది, "డస్ట్‌బిన్ గేటు కాడ ఉంది మేడం. వాచ్‌మన్ కుర్చీ పక్కన. గవి చేత పట్టుకుని అంత మంది ముంగట కెళ్లి ఎట్ల పోవాలె?"

వెళ్లి చూస్తే అలాగే ఉంది. యజమానికి చెప్పాను. ఆయన సిగ్గుపడ్డాడు. "నాకెవ్వరు చెప్పలే మేడం. నాకు గూడ బిడ్డలున్నరు" అన్నాడు. ఆ సాయంత్రమే బాత్రూముల్లో మూత ఉన్న బుట్టలు, చుట్టి పడేయడానికి పాత పేపర్లు పెట్టించాడు. అప్పటిదాకా ఉత్త చేతులతో పైపులోంచి లాగుతున్న పనామెకు గ్లవుజులు కొనిచ్చాడు. నేను చేసిందల్లా ఒక ప్రశ్న అడగడం. ఆ ప్రశ్న నాకు బస్తీ నేర్పింది.

కొత్తగా వచ్చేవాళ్లకు

ఉన్నదున్నట్టు చెబుతాను. మన పనిలో పోస్టర్లకు, ర్యాలీలకు దక్కే పేరు వాటికి తగినదానికంటే చాలా ఎక్కువ. సబ్బు మంచిదని తెలియక చేతులు కడుక్కోనివాళ్లను నేను చాలా తక్కువమందిని చూశాను. నీళ్లు లేక, చోటు లేక, మరుగు లేక, ఒంట్లో ఓపిక లేక కడుక్కోనివాళ్లను లెక్కలేనంతమందిని చూశాను. అలాగని జనానికి చెప్పడం దండగ అనను. పిల్లకు విరేచనాలైతే నీళ్లు ఆపకూడదని ఆ రోజు తర్వాత బాలమణి అత్తే గల్లీలో అందరికీ చెప్పేది. నాకంటే గట్టిగా చెప్పేది. చెప్పాల్సిన మాట ఉంటుంది. అది ఎప్పుడు, ఎవరి నోట రావాలో తెలుసుకోవడానికే ఏళ్లు పడుతుంది.

మీ ప్రాజెక్టు గడువు చిన్నదైతే మీ తప్పు కాదు. కానీ మనుషులు మనల్ని నమ్మడానికీ, మనమీద అలగడానికీ, మళ్లీ పిలవడానికీ పట్టే కాలాన్ని ఎవరూ కుదించలేరు. మీ పై అధికారి మీకు ఆ కాలం ఇస్తే ఆమెను వదులుకోకండి.

ముగింపు సభ

మా కార్యక్రమం ముగిసే రోజు వచ్చింది. బస్తీవాళ్లే వేసుకున్న నీళ్ల కమిటీ తన కాళ్ల మీద తాను నిలబడింది కాబట్టి ఇక మేం వెళ్లవచ్చని నిర్ణయించారు. గల్లీ మొదట్లో షామియానా వేశారు. పై ఆఫీసు నుంచి పెద్దవాళ్లు వచ్చారు. అప్పటికి రిటైరైన ఫాతిమా మేడం కూడా వచ్చింది. పూలదండలు, మైకు, వరసగా కుర్చీలు. కుర్చీల్లో మాత్రం జనం లేరు.

ముందు రోజు ఏదో రిపేరు వల్ల నల్లా రాలేదట. సరిగ్గా సభ టైముకు వదిలారు. నర్సింహన్న అవస్థ పడిపోతూ, "ఇప్పుడే పిలుచుకొస్త" అని గల్లీలోకి పోయాడు. పోయినవాడు తిరిగి రాలేదు. పెద్దవాళ్లు గడియారాలు చూసుకుంటున్నారు.

చంకలో బిందెతో బాలమణి పరిగెత్తుకొచ్చింది. "అక్కా, ఏమనుకోకు. సార్లను జర ఆగమను. అంజమ్మత్త డ్రమ్ము ఇంక నిండలే" అని, జవాబు కోసం చూడకుండా వెనక్కి పరిగెత్తింది.

ఫాతిమా మేడం పడీపడీ నవ్వింది. కుర్చీలోంచి లేచి కొంగు బిగించింది. "పద సుగుణా, ఇక్కడ కూసుని ఏం చేస్తం" అంది.

ఇద్దరం గల్లీ చివరిదాకా నడిచాం. నర్సింహన్న పంచె ఎగ్గట్టి బిందె మోస్తున్నాడు. చివరి నల్లా కింద బిందె పెడితే చూస్తుండగానే నిండింది. తేట నీళ్లు. ఫాతిమా మేడం దోసిలి పట్టి తాగింది. నేనూ తాగాను.

సభ చాలా ఆలస్యంగా మొదలైంది. నన్ను మాట్లాడమని పిలిచేసరికి నా చీర కుచ్చిళ్లు తడిసి కాళ్లకు అంటుకుంటున్నాయి. ఏం మాట్లాడానో ఇప్పుడు గుర్తు లేదు. నల్లా ఇంకా ఆగలేదు. ఎవరో బిందె మార్చినట్టున్నారు, ఖాళీ బిందెలో ధార పడిన చప్పుడు మైకులోంచి అందరికీ వినిపించింది. నేను మాట ఆపి, అది నిండేదాకా ఊరుకున్నాను.